‘విన్నవారు’ అన్న గడి

"ఆ నాబులు మాత్రం కదపకు" అంటాడు మా ఆయన, నేను రేడియో బల్ల తుడిచే ప్రతిసారీ. ముప్పై ఏళ్లుగా ఇదే మాట. మొదట్లో "అలాగే" అనేదాన్ని. తర్వాత తలూపి ఊరుకునేదాన్ని. ఇప్పుడు అదీ లేదు, పక్కింటి కుక్కర్ కూత విన్నట్టు వినేసి నా పని నేను చేసుకుంటాను. అతను స్నానాలగదిలోకి వెళ్లి గడియ పెట్టుకోగానే ఆ పెద్ద నాబు మీద చెయ్యి వేసేది నేనే. అతను ఆఫీసు నుంచి వచ్చేలోపు దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి వెంట్రుకవాసి చొప్పున తిప్పేదీ నేనే. దాని అంచు మీద గీతలు అరిగిపోయి నున్నగా అయ్యాయి. ఎవరి వేళ్లకి అరిగిందో చూసేవాళ్లు లేరు గనక, దాన్ని కూడా శుభ్రంగా తుడిచి పెడతాను.

తెలియని వాళ్లకి ఈ వ్యవహారం కాస్త చెప్పాలి. మా ఆయన ఉద్యోగం కరెంటు సబ్‌స్టేషన్‌లో. ప్రాణం మాత్రం హామ్ రేడియోలో. లైసెన్సు తీసుకుని, మేడ మీద తీగ కట్టుకుని, ముక్కూ మొహం తెలియని దూరదేశాల వాళ్లతో మాట్లాడే సరదా అది. ఒక్కొక్కరికి సర్కారు ఒక కాల్ సైన్ ఇస్తుంది, అక్కడ అదే పేరు. దూరం ఎంతైతే గొప్ప అంత. మాట అందని దూరాలకి మోర్స్ అందుతుంది కాబట్టి గట్టివాళ్లంతా ఇంకా ఆ చుక్కలూ గీతలే పట్టుకుని ఉన్నారు. అయితే దూరపు స్టేషన్లు ఎప్పుడు పడితే అప్పుడు వినపడవు. పొద్దు పొడిచేటప్పుడు ఓ అరగంట, పొద్దు గుంకేటప్పుడు ఓ అరగంట, అంతే వాటి మంచివేళ. వంటింట్లో చేతికి ఖాళీ ఉండని వేళలు కూడా సరిగ్గా అవే. ఎవరి సౌకర్యం చూసి ఆకాశం ఈ ఏర్పాటు చేసిందో గానీ, నా సౌకర్యం మాత్రం కాదు.

ఈ సరదాలో ఒక మర్యాద ఉంది. అరుదైన స్టేషన్ చెవిన పడితే దాచుకోకూడదు, అప్పటికప్పుడు అందరికీ చెప్పాలి. పూర్వం ఫోన్ల మీద ఒకరి నుంచి ఒకరికి వెళ్లేది. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఒక పేజీ. అందులో ఒక్క లైను వేస్తారు: ఏ ఫ్రీక్వెన్సీ మీద, ఎవరు పిలుస్తున్నారు, టైమెంత. చివర్లో ‘విన్నవారు’ అని ఒక గడి. ఆ లైను పడిన నిమిషంలో నలుమూలల నుంచి వందమంది అక్కడికి ఎగబడతారు. ఈ సరదా ఉన్నవాళ్ల క్లబ్బులో దాన్ని స్పాట్ అంటారు, నేను కబురు అంటాను. కబురుకి ఉన్న నియమం ఒక్కటే, నీ చెవులతో నువ్వు విన్నదే వెయ్యాలి. ఇరవై రెండేళ్లలో మా ఇంటి నుంచి వెళ్లిన కబుర్లు పదకొండు వేల పైచిలుకు. అన్నిట్లోనూ ‘విన్నవారు’ గడిలో మా ఆయన కాల్ సైనే ఉంటుంది. పదింట తొమ్మిది విన్నది నేను, కూరగాయలు తరుగుతూ.

పెళ్లయిన రెండో ఏడు అతను వంటింట్లోకి ఒక తీగ లాగి, పప్పుల డబ్బాల పక్కన చిన్న స్పీకరు బిగించాడు. "నీకూ కాలక్షేపం" అన్నాడు. ఆ మాటకి నేను మురిసిపోయాను కూడా, అది ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. పొద్దున అతను వ్యాయామంలో ఉంటాడు, సాయంత్రం దారిలో ఉంటాడు. స్టేషన్లు వచ్చే వేళకి రేడియో దగ్గర ఎవరూ ఉండరు. అందుకని కాలక్షేపం నాకు. "ఏదన్నా వినపడితే ఆ కాగితం మీద గీకి పెట్టు" అన్నాడు మొదట. తర్వాత ఆఫీసుకి ఫోన్ చెయ్యమన్నాడు. పేజీ వచ్చాక, "నా పేరు మీద నువ్వే వేసెయ్, ఆలస్యమైతే ఇంకోడు వేసేస్తాడు" అన్నాడు. మా అత్తగారు మొదటిరోజు ఆ కీచుకీచు విని చీపురు పట్టుకుని వంటింటి మూలలన్నీ వెతికింది, ఎలుక పడిందని. పోను పోను ఆవిడే, "ఇవాళ ఎవరు దొరికారమ్మాయ్?" అని అడిగేది. ఏ మూలో ఉన్న స్టేషన్ పేరు చెబితే పళ్లు లేని నోటితో బోలెడంత నవ్వేది.

పోయే ముందు ఏడాది ఆవిడ నన్నొక మాట అడిగింది. ఆ పేజీలో పేరు ఎవరిది పెడతావు అని. "ఆయనదే, ఇద్దరం ఒకటే కదత్తయ్యా" అన్నాను, కోడళ్లు అనాల్సిన మాట అన్నంత గొప్పగా. ఆవిడ చిక్కుడుకాయ ఈనె తీస్తూ, "ఒకటే అయితే నీది పెడితే ఏం?" అంది. నేను నవ్వేసి పొయ్యి వైపు తిరిగాను.

ఈ చెవులు నాకు ఊరికే రాలేదు. మా నాన్న తంతి ఆఫీసులో పనిచేసేవాడు. రోజంతా అక్కడ టకటకలాడించి, ఇంటికొచ్చి భోజనాల బల్ల మీద చెంచాతో నాకు చుక్కలూ గీతలూ నేర్పాడు. నన్ను ‘చిట్టి తంతి’ అని పిలిచేవాడు. నీళ్లు కావాలన్నా నోటితో అడిగేదాన్ని కాదు, బల్ల మీద కొట్టేదాన్ని. పద్దెనిమిదేళ్లకి పాత రేడియో సెట్టు ఒకటి తెచ్చి నా ముందు పెట్టి, "వినడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు తల్లీ, పంపడానికే కావాలి" అన్నాడు. ఒక సంవత్సరం పాటు వట్టినే విన్నాను. పంతొమ్మిదో ఏట పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాను. మా క్లబ్బులో అప్పటికి కాల్ సైన్ ఉన్న ఆడపిల్లని నేనొక్కదాన్నే. మా ఆయన మా సెట్టు చూడ్డానికి వచ్చి పిల్లని చూసుకుని వెళ్లాడని నాన్న నవ్వుతూ చెప్పుకునేవాడు. సెట్టు కూడా నాతోనే ఈ ఇంటికి వచ్చింది.

లైసెన్సు గడువు తీరే నెలకి నేను నిండు గర్భిణిని. కాళ్ల వాపుతో మెట్లు దిగలేక, ఫారం నింపి సంతకం పెట్టి పోస్టు చెయ్యమని అతనికి ఇచ్చాను. అమ్మాయి పుట్టి మూడో నెల వచ్చాక, అతని సంచి ఉతకడానికి తీస్తే లోపలి జేబులో ఉంది ఫారం. నాలుగు మడతలు, టీ మరక. "అయ్యో, మర్చేపోయాను" అన్నాడు. నిజంగానే మర్చిపోయాడు, అందులో అబద్ధం లేదు. అదే నన్ను ఎక్కువ నొప్పించింది. తర్వాత, "అయినా ఒకే ఇంట్లో రెండు కాల్ సైన్లు ఏం చేసుకుంటాం? పిల్ల కాస్త పెద్దదవనీ, చూద్దాం" అన్నాడు. అమ్మాయికి ఇప్పుడు ముప్పై ఒకటి. ఇంకా చూస్తూనే ఉన్నాం.

నేను ఉద్యోగం కూడా చేస్తాను, ఆసుపత్రి రికార్డుల విభాగంలో. డాక్టర్లు రోగుల గురించి రికార్డు చేసి పంపిన మాటలు చెవులకి తగిలించుకుని టైపు చెయ్యడం. వాళ్లు నమిలి మింగేసిన మాటలు కూడా పట్టుకుంటానని పేరు. కింద సంతకం వాళ్లది. అక్కడ వినేదాన్ని, ఇక్కడ వినేదాన్ని, రెండు చోట్లా ఇంకొకరి పేరు. ఇది అన్యాయమని ఎప్పుడూ అనిపించలేదా అంటే, అనిపించింది. అనిపించిన వెంటనే స్టవ్ మీద ఏదో ఒకటి పొంగేది.

మా ఆయనకి క్లబ్బులో ‘చెవులాయన’ అని పేరు. ఆ పేరు పెట్టినవాళ్లకి తెలియని సంగతి, అతనికి చెవుడు వస్తోంది. సబ్‌స్టేషన్ హోరులో పాతికేళ్లు. సన్నని శబ్దాలు ముందు పోయాయి, తర్వాత నా గొంతు పోయింది. "గొణుగుతావేం, గట్టిగా చెప్పు" అంటాడు. నేను గొంతు పెంచి చెబితే, "అరుస్తావేం" అంటాడు. డాక్టరు దగ్గరికి వెళదాం అంటే కోపం. అందుకని నేనొక పని చేస్తుంటాను. సెట్టుకి కూత సన్నగా కావాలో లావుగా కావాలో మార్చే చిన్న నాబు ఉంటుంది. అతను కూర్చునే ముందు దాన్ని లావు వైపుకి తిప్పి పెడతాను. అతనికి వినపడుతుంది, తన చెవులు భేషుగ్గా ఉన్నాయనుకుంటాడు. ఎన్నేళ్లుగానో ఆ నాబు అలా తిప్పుతున్నాను, అతను గమనించలేదు. ఇది ప్రేమా, బానిసతనమా అని మీరు అడగొచ్చు. రెండూ ఒకే నాబు మీద ఉన్నాయి.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం అతనే స్వయంగా విని, ఒక చుక్క జారవిడిచి, లేని స్టేషన్‌ని ఉన్నట్టు కబురు వేసేశాడు. అరగంట పాటు ఎక్కడెక్కడి వాళ్లో ఖాళీ గాలిని పిలిచారు. క్లబ్బులో నవ్వులపాలయ్యాడు. ఆ వారం సమావేశంలో అతను లేచి, "మా ఆవిడ రాసిచ్చింది, వంటింటి చప్పుళ్లలో పొరపాటు పడింది" అన్నాడట. ఇంటికొచ్చి నాకే చెప్పాడు, ఏదో చిన్న అప్పు తీసుకున్నట్టు. "ఏమనుకోకు, నీకు పోయేదేముంది?" అన్నాడు. పదకొండు వేల కబుర్లలో క్లబ్బువాళ్ల ముందు విన్నదాన్నిగా నా ప్రసక్తి వచ్చింది ఆ ఒక్కసారే.

ఇక పక్షులావిడ సంగతి.

నాకు లైసెన్సు ఉన్న ఆ మూడేళ్లలో, ఎక్కడో సముద్రం నడుమ ఒక రాతి దీవి మీద పక్షుల గూళ్లు లెక్కపెట్టే ఆవిడ ఉండేది. నలభై ఏళ్లుంటాయి అప్పుడు. ప్రతి గురువారం పొద్దు గుంకే వేళ పది నిమిషాలు మా ఇద్దరివి. ఇవాళ నూట నలభై గూళ్లు అనేది. ఏం చదువుతున్నావు, ఏం వండారు, వాన పడిందా అని అడిగేది. మోర్స్‌లో ఎవరి చెయ్యి వాళ్లదే, చేతిరాత లాగే పట్టిచ్చేస్తుంది. ఆవిడ ప్రతి మాట చివరి గీతనీ కాస్త సాగదీసేది, నిద్రపోతున్న పిల్ల లేవకుండా తలుపు దగ్గరగా వేసినట్టు. పెళ్లని చెబితే శుభాకాంక్షలు చెప్పి, "సెట్టు వదలకు" అంది. లైసెన్సు పోయిందని తెలిశాక కూడా ఏడు గురువారాలు నన్ను నా కాల్ సైన్‌తో పిలిచింది. చంకలో పిల్లతో వంటింట్లో నిలబడి ఏడూ విన్నాను. లైసెన్సు లేనిదే మోర్స్ కొట్టే కీ ముట్టుకోకూడదు. మీరైనా ఒకసారి జవాబు చెప్పండి, నేనున్నానని చెప్పండి అని అతన్ని అడిగితే, "గురువారం నాకు క్లబ్బు కదా" అన్నాడు. ఎనిమిదో గురువారం ఆవిడ పిలవలేదు. ఆ తర్వాత ఆ దీవి నుంచి మళ్లీ ఎవరూ వినపడలేదు.

మొన్న బుధవారం అని రాయబోయాను, నాకింకా అలాగే ఉంది. అప్పటికీ ఇప్పటికీ నెల దాటింది. సాయంత్రం బీన్స్ తరుగుతున్నాను. స్పీకర్లో హోరు, ఆ హోరు అడుగున ఎక్కడో కూత. కూత అనడం కూడా ఎక్కువే. కానీ మాట చివర్న గీత సాగింది. నా చేతిలో కత్తి ఆగిపోయింది. మళ్లీ సాగింది. నేను చేతులు కూడా తుడుచుకోకుండా సెట్టు దగ్గరికి పరిగెత్తాను. ఆ దీవి కాల్ సైనే. ఆ చెయ్యే. ముసలిదైంది, కాస్త వణుకుతోంది, కానీ అదే చెయ్యి. ఎవరైనా ఉన్నారా, ఎవరైనా ఉన్నారా అని పిలుస్తోంది. పిలిచి ఆగుతోంది. జవాబు లేదు. మళ్లీ పిలుస్తోంది.

జవాబు ఎలా వస్తుంది? ఇప్పుడు ఎవరూ నాబు తిప్పి వెతకరు. పేజీలో కబురు ఉన్నచోటికే వెళతారు. కబురు లేని స్టేషన్ ఎంత పిలిచినా లేనట్టే లెక్క. ఒక్క లైను పడితే చాలు, ఆవిడకి ఊపిరాడనంత మంది వస్తారు. ఎప్పటిలాగే మా ఆయన పేరు మీద వేసేద్దామని ఫోన్ తీశాను. ఇంతలో అతనే వచ్చాడు. ఆ ఆదివారమే క్లబ్బు అతనికి సన్మానం చేస్తోంది, అందుకని నాలుగు రోజుల ముందు నుంచే "నాకు చూపించకుండా ఏదీ వెయ్యకు" అని చెప్పి పెట్టాడు. చెప్పాను. అతను చెప్పులు కూడా విప్పకుండా కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

"ఏదీ? గాలి తప్ప ఏం లేదు."

అతని వెనక నిలబడ్డాను. హెడ్‌ఫోన్ అంచుల్లోంచి బయటికి కారుతున్న చప్పుడులోనే నాకు వినపడుతోంది. హడావిడిలో కూత లావు చేసే చిన్న నాబు తిప్పడం మర్చిపోయాను. చెయ్యి చాపాను.

"నాబు కదపకు" అన్నాడు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ ఒక్క క్షణం గురించి ఎన్నిసార్లు ఆలోచించానో చెప్పలేను. తిప్పి ఉంటే విని ఉండేవాడు. లేదా, తిప్పుతూ, మీకు చెవులు తగ్గాయండీ అని నోరు విప్పి చెప్పి ఉంటే. ఏదీ చెయ్యలేదు. అతను హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, "ముప్పై ఏళ్లుగా ఎవరూ లేని దీవి అది. నీ మనసు వినిపిస్తోంది, సెట్టు కాదు. నా చెవులతో విననిది నా పేరు మీద వెయ్యను" అన్నాడు. పదకొండు వేల కబుర్ల తర్వాత అతనికి ఆ నియమం గుర్తొచ్చింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఆదివారం దాకా ఏ గొడవా వద్దు, దణ్ణం పెడతాను" అన్నాడు. సరే అన్నాను. చూడండి ఎంత తేలిగ్గా అన్నానో.

గురువారం ఆవిడ పిలిచింది. శుక్రవారం పిలిచింది. పావుగంట పిలవడం, ఆగడం, మళ్లీ పిలవడం. పొయ్యి దగ్గర నిలబడి విన్నాను. ఒకసారి స్పీకరు కట్టేశాను, నిమిషం తర్వాత మళ్లీ పెట్టాను, ఆవిడ పిలుపు వినేది నేనొక్కదాన్నే కదా అని.

శనివారం సాయంత్రం మర్నాటి సన్మానానికి అతని చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. నేనే టైపు చేసిచ్చిన ఉపన్యాసాన్ని హాల్లో అతను బట్టీ పడుతున్నాడు. స్పీకర్లో ఆవిడ ఎవరైనా ఉన్నారా అని పిలవడం ఆపింది. ఒక చిన్న విరామం. తర్వాత వేరే పిలుపు మొదలైంది. మొదటి అక్షరం దగ్గరే నా వెన్ను నిటారుగా అయింది. నా కాల్ సైన్. ముప్పై ఒక్కేళ్లుగా ఎవరూ పలకని నా పేరు. మూడుసార్లు పిలిచి ఆగింది. మళ్లీ మూడుసార్లు. చివరి గీత సాగదీసి, తలుపు దగ్గరగా వేసినట్టు.

ఇస్త్రీపెట్టె నిలబెట్టి సెట్టు దగ్గరికి వెళ్లాను. కీ మీద కప్పిన గుడ్డ తీశాను. వేళ్లు పెట్టలేదు. పంపడానికి నాకు హక్కు లేదు, అది నిజం. కానీ కబురు వెయ్యొచ్చు. ఆ పేజీలో లైసెన్సు ఉన్నవాళ్లు కాల్ సైన్ వేసుకుంటారు, వట్టి శ్రోతలు తమ పేరు వేసుకుంటారు. అక్కడ శ్రోతల కబుర్లు రోజూ చూస్తూనే ఉంటాను. ఫోన్ తీసి దీవి కాల్ సైన్ కొట్టాను, ఫ్రీక్వెన్సీ కొట్టాను, టైము కొట్టాను. ‘విన్నవారు’ గడిలో అలవాటుగా మా ఆయన కాల్ సైన్ దానంతటదే వచ్చి కూర్చుంది. దాన్ని చెరిపాను. నా పేరు రాయడం మొదలుపెట్టాను. రెండు అక్షరాలు పడ్డాయి.

"ఇస్త్రీ అయిందా?" అన్నాడు హాల్లోంచి.

"అయింది" అన్నాను. ఫోన్ మూసేసి వెళ్లి చొక్కా మడత పెట్టాను. తిరిగి వచ్చేసరికి పొద్దు పూర్తిగా గుంకింది, హోరు తప్ప ఏమీ లేదు. అతను నన్ను ఆపలేదు. నేనేం చేస్తున్నానో కూడా అతనికి తెలియదు. ఇస్త్రీ అయిందా అని అడిగాడు, అంతే.

ఆదివారం సన్మానం బ్రహ్మాండంగా జరిగింది. ఇత్తడితో చేసిన చెవి ఒకటి, చెక్క దిమ్మ మీద బిగించి ఇచ్చారు. అతను మైకు ముందు, "నా చెవులతో నేను విననిది ఒక్కటి కూడా వెయ్యలేదు" అన్నాడు. చప్పట్లు. "ఇందులో మా ఆవిడ పాత్ర కూడా ఉంది. తెల్లారకుండానే కాఫీ అందించేది" అన్నాడు. ఇంకా ఎక్కువ చప్పట్లు. నన్ను వేదిక మీదికి పిలిచి పూలగుత్తి చేతికిచ్చారు. దిగుతుంటే క్లబ్బులో పెద్దాయన, పళ్ల డాక్టరు గారు, "నువ్వు కూడా అప్పుడప్పుడు వింటుంటావామ్మా?" అని ఆప్యాయంగా అడిగారు. నేను ఎవరినో ఆయనకి గుర్తులేదు. నాకు పరీక్ష పెట్టిన ముగ్గురిలో ఆయన ఒకరు. "అప్పుడప్పుడు" అన్నాను.

ఇప్పుడు రోజూ ఆ ఇత్తడి చెవి కూడా తుడుస్తున్నాను. దాని మెలికల్లో దుమ్ము బాగా చేరుతుంది.

మూడు వారాలకి క్లబ్బు పత్రిక పని వచ్చింది. దాన్ని టైపు చేసేది నేనే, "మీకు టైపింగ్ అలవాటే కదా మేడం" అని పన్నెండేళ్ల కిందట కార్యదర్శి అన్న మాట మీద. ఈసారి ఆయన పంపిన కాగితాల్లో ఒక ఉత్తరం ఉంది. ‘ఎవరో పెద్దావిడ. చోటుంటే వెయ్యండి, లేకపోతే వదిలేయండి’ అని పైన రాసి ఉంది. నేను చదవకుండా టైపు చేస్తాను మామూలుగా, వేళ్లకి వేళ్లే వెళ్లిపోతాయి. మూడో లైను దగ్గర ఆగాయి.

‘నాకు డెబ్బై మూడేళ్లు. గూళ్ల లెక్క ఆఖరిసారి చూసుకుందామని ఆ దీవికి వెళ్లాను. నాలుగు సాయంత్రాలు పిలిచాను, ఎవరూ పలకలేదు. నా సెట్టు చిన్నది, తీగ పొట్టిది, ఎవరినీ తప్పుపట్టడం లేదు. మీ క్లబ్బులో ఒకప్పుడు నాకొక స్నేహితురాలు ఉండేది. చివరి రోజు ఆమెను కూడా పిలిచాను. ఆమె వినడం ఎప్పుడో మానేసి ఉంటుంది.’

కింద ఆవిడ చిరునామా.

నేను చేసిన పనులు ఒకటొకటిగా తీసి చూసుకుంటే, ముప్పై ఏళ్లలో ఒక్కరోజు కూడా మానకుండా చేసింది వినడమే. ఆ ఒక్కటే నేను మానేశానని ఆవిడ అనుకుంటోంది. చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాను. అతను ఏమైందని అడిగాడు. ఉల్లిపాయలు అన్నాను, ఎదురుగా ఉన్నది కంప్యూటరు. నమ్మాడు.

మర్నాడు ఆసుపత్రిలో భోజన విరామంలో శ్రోతల కార్డు నింపాను. ఇది కూడా ఈ సరదాలో పాత మర్యాదే. నీ స్టేషన్‌ని ఫలానా రోజు, ఫలానా వేళ, ఇంత బలంగా విన్నాను అని శ్రోత ఒక కార్డు రాసి పంపిస్తే, అవతలివాళ్లకి తాము అక్కడిదాకా చేరామని రుజువు. నాలుగు తేదీలు వేశాను. వేళలు వేశాను. బలం అన్నచోట, చాలా తక్కువ, కానీ ప్రతి అక్షరం అందింది అని రాశాను. కింద ‘ఇతర వివరాలు’ అని రెండు గీతలున్నాయి. శనివారం మీరు నన్ను ఆరుసార్లు పిలిచారు, ఆరూ విన్నాను అని రాశాను. పలకకపోవడానికి కారణం రాయాలి కదా. ‘అనుమతి లేదు’ అని రాశాను. రాసి చూసుకుంటే నాన్న చెంచా బల్ల మీద కొట్టినట్టయింది. వినడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని నాకు పద్దెనిమిదో ఏటి నుంచీ తెలుసు. దాన్ని కొట్టేసి, పక్కన ‘భయపడ్డాను’ అని రాశాను. దేనికి భయమో రాయడానికి చోటు లేదు. ఉన్నా, ఒక చొక్కా ఇస్త్రీ గురించి ఆవిడకి ఏం రాస్తాను?

కార్డుతోపాటు ఇంకో కవరు కూడా పోస్టు చేశాను. లైసెన్సు పరీక్షకి ఫారం. ఈసారి ఎవరి సంచిలోనూ పెట్టలేదు, నా చేత్తోనే డబ్బాలో వేసి, కింద పడిన చప్పుడు కూడా విని వచ్చాను. ఆవిడ దీవికి మళ్లీ వెళ్లదు. నా పరీక్ష అయ్యేసరికి అక్కడ పక్షులు తప్ప ఎవరూ ఉండరు. ఆ సంగతి తెలిసే పోస్టు చేశాను.

నిన్న సాయంత్రం బఠాణీలు వలుస్తుంటే ఒక కూత వినపడింది. కొత్త చెయ్యి, తడబడుతోంది, ఎక్కడో కొండల్లో ఉన్న చిన్న స్టేషన్. పిలుస్తోంది, ఆగుతోంది, పిలుస్తోంది. చేతులు తుడుచుకున్నాను. మా ఆయన హాల్లో పేపరు చదువుతున్నాడు, అతని వెనక గదిలో సెట్టు కూడా కూస్తూనే ఉంది. ఫోన్ తీసి లైను కొట్టాను. గడిలో అతని కాల్ సైన్ వచ్చి కూర్చుంది. చెరిపి నా పేరు మొత్తం రాశాను, ఇంటిపేరు నాన్నది. వేసేశాను. అర నిమిషంలో ఆ తడబడే చెయ్యి మీద జవాబులు వానలా పడ్డాయి. ఆ పిల్లో పిల్లాడో ఉక్కిరిబిక్కిరైపోవడం ఇక్కడికి వినపడింది.

"ఏమైనా దొరికిందా?" అన్నాడు హాల్లోంచి.

దొరికింది, చెప్పేశాను అన్నాను, మామూలు గొంతుతో.

"గొణుగుతావేం, గట్టిగా చెప్పు."

ముప్పై ఏళ్లుగా ఆ మాటకి గొంతు పెంచుతూ వచ్చాను. నిన్న పెంచలేదు. ఇంకో కాయ తీసుకుని వలిచాను. వినాల్సిన వాళ్లందరికీ అప్పటికే వినపడింది.